నాలుగు లీటర్ల నీటికి నాలుగు గంటల నలభై నిమిషాలు: ఇంట్లో వాడే డిస్టిలర్ గురించి

ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి బజారులో కొన్న డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఒకదాన్ని టీడీఎస్ మీటర్‌తో (నీటిలో కరిగి ఉన్న లవణాల వంటి వాటి మొత్తాన్ని చూపేది) పరీక్షించగా, దాదాపు సున్నా ఉండవలసిన చోట అది లీటరుకు 60 మిల్లీగ్రాములు చూపించింది. జూనియర్ కళాశాలలో ఏళ్ల తరబడి రసాయనశాస్త్రం బోధించి రిటైరైన నాకు ఆ అంకె మింగుడు పడలేదు. స్వేదన జలం నేనే తయారు చేసుకుంటే సరిపోతుంది గదా అని, టేబుల్ మీద పెట్టుకునే నాలుగు లీటర్ల డిస్టిలర్‌ను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఏడు నెలలుగా వాడుతున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. నేను కొనే ముందు చూసినంతలో రకరకాల పేర్లతో అమ్ముతున్న ఈ యంత్రాలన్నిటి నిర్మాణమూ దాదాపు ఒక్కటే కనుక, ఇక్కడ చెప్పే మంచిచెడులు వాటిలో చాలావాటికి వర్తిస్తాయి.

నిర్మాణం చాలా సాదా. అడుగున 750 వాట్ల హీటర్ ఉన్న స్టీలు గిన్నె, దాని మీద ఫ్యాన్ బిగించిన మూత, ఆ మూతలో చుట్టలు తిరిగిన స్టీలు గొట్టం, గొట్టం చివర బొగ్గుపొడి సంచీ ఇమిడే చిన్న ముక్కు, దాని కింద గాజు జాడీ. గిన్నెలో నీరు మరిగి ఆవిరై చుట్టగొట్టంలోకి వెళ్తుంది, ఫ్యాన్ గాలికి చల్లబడి మళ్ళీ నీరై జాడీలో చుక్కలుగా పడుతుంది. పాతకాలపు అత్తరు బట్టీకి, దీనికి సూత్రంలో తేడా ఏమీ లేదు.

ఈ యంత్రాల కింద కొనుగోలుదారులు రాసే ఫిర్యాదుల్లో మొదటిది ఆలస్యం గురించి. నాలుగు లీటర్లకు నాలుగు గంటలు చాలని పెట్టె మీద ఉంది, నా చేతిలో నాలుగు గంటల నలభై నిమిషాలు పట్టింది. కొందరు దీన్ని నాసిరకం హీటర్ లక్షణంగా భావించి యంత్రాన్ని తిరిగి పంపించారు. నా అభిప్రాయంలో ఈ నేరం యంత్రానిది కాదు, నీటిది. 28 డిగ్రీల నీటిని మరిగే దాకా వేడి చేయడానికి నాలుగు కిలోలకు 1170 కిలోజౌళ్లు చాలు, అంటే ఈ హీటర్‌కు అరగంట కూడా పట్టని పని. నిజంగానే ముప్పై అయిదు నిమిషాలలోపే తెర్లడం మొదలవుతుంది. కానీ మరుగుతున్న ఆ నీటిని, ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా పెరగకుండా, మొత్తంగా ఆవిరి చేయడానికి 9000 కిలోజౌళ్లకు పైగా కావాలి. రెండూ కలిపితే 2.84 యూనిట్ల విద్యుత్తు. ఏ నష్టమూ లేని ఆదర్శ యంత్రమైనా 750 వాట్లతో మూడు గంటల నలభై అయిదు నిమిషాలకు ముందు ఈ పని ముగించలేదు. నా యంత్రం 3.5 యూనిట్లు తీసుకుంటోంది, అంటే ఇచ్చిన వేడిలో ఎనభై శాతం దాకా నీటికే చేరుతోంది. గిన్నె పక్కల ఏ తొడుగూ లేని వస్తువుకు ఇది మెచ్చుకోదగిన పనితనమే.

అంత వేడి ఎక్కడికి పోతోంది? తరగతిలో ఈ ప్రశ్న వేస్తే ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురు పిల్లలు నీరు హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోవడానికి అని చెప్పేవారు. తెర్లే నీటిలో లేచే బుడగలు ఆ వాయువులేనని బొమ్మ గీసినవారూ ఉన్నారు. బుడగలో ఉన్నది నీరే. అణువు లోపల ఆక్సిజన్‌ను హైడ్రోజన్‌తో కలిపి ఉంచే సమయోజనీయ బంధాన్ని తెంచాలంటే మోల్‌కు (అణువులను, బంధాలను లెక్కపెట్టే రసాయనశాస్త్ర ప్రమాణం, నీటిలోనైతే 18 గ్రాములు) 460 కిలోజౌళ్ల దాకా కావాలి, అలాంటి బంధాలు ఒక్కో నీటి అణువులో రెండున్నాయి. ఆవిరి కావడానికి మాత్రం మోల్ నీటికి 41 కిలోజౌళ్లు సరిపోతాయి. తెగుతున్నది అణువు కాదు, అణువుకూ అణువుకూ మధ్య ఉన్న పట్టు. నీటిలో ఈ పట్టులో పెద్ద వాటా హైడ్రోజన్ బంధానిది. ఎలక్ట్రాన్లను తన వైపు గట్టిగా లాక్కునే ఆక్సిజన్ పక్కన హైడ్రోజన్ దాదాపు బట్టలు విప్పుకున్నట్టుగా ధనావేశంతో మిగిలిపోతుంది, పక్క అణువులోని ఆక్సిజన్ మీద, బంధంలో చేరకుండా ఉన్న ఒంటరి ఎలక్ట్రాన్ జంట వైపు మొగ్గుతుంది. ఒక్కొక్కటి చూస్తే మోల్‌కు ఇరవై కిలోజౌళ్లకు అటూ ఇటూగా ఉండే బలహీనమైన బంధమే, కానీ ప్రతి అణువు చుట్టుపక్కల నలుగురితో చేతులు కలపగలదు. ఆ చేతులన్నీ విడిపించేసరికి నాలుగు గంటల కరెంటు ఖర్చవుతుంది.

ఈ విషయానికి నా ఇంటి బోరు నీరే ఒక పాఠం చెప్పింది. మాది హైదరాబాదు శివారు. బోరు నీటి టీడీఎస్ లీటరుకు 870 మిల్లీగ్రాములు ఉంటుంది, వేసవిలో నీటి మట్టం పడిపోయినప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన కూడా సన్నగా వస్తుంది. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఆవర్తన పట్టికలో ఆక్సిజన్ కిందనే ఉన్న గంధకం, నీటి లాగానే రెండు హైడ్రోజన్లతో కలిసి ఏర్పరచిన అణువు అది. దాని అణుభారం 34, నీటిది 18. బరువును బట్టి చూస్తే హైడ్రోజన్ సల్ఫైడే ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర మరగాలి, కానీ అది మైనస్ 60 డిగ్రీలకే మరిగి వాయువవుతుంది. గంధకం పరమాణువు పెద్దది, ఎలక్ట్రాన్లను లాక్కునే శక్తి తక్కువది, అందువల్ల హైడ్రోజన్ బంధం అని చెప్పుకోదగినంత పట్టు దానికి కుదరదు. అదే వరుసలో ఇంకా కిందికి వెళ్తే సెలీనియం సమ్మేళనం మైనస్ 41 డిగ్రీల దగ్గర, టెల్లూరియం సమ్మేళనం మైనస్ 2 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఈ వరుసను పైకి పొడిగించి నీటి స్థానం అంచనా కడితే మైనస్ 80 దరిదాపుల్లో తేలాలి. అంటే హైడ్రోజన్ బంధం లేని లోకంలో నీరు వాయువుగా ఉండేది, ఈ డిస్టిలర్ అమ్మేవారూ ఉండేవారు కాదు.

మే నెలలో మొదటిసారి ఆ వాసన నీటిని గిన్నెలో పోసి మూత పెట్టినప్పుడు, వేడెక్కడం మొదలైన పదిహేను నిమిషాలకే, ఇంకా నీరు తెర్లకముందే, ముక్కు దగ్గర ఆ కంపు తెలిసింది. జాడీలో పడిన మొదటి అరగ్లాసు నీరు కూడా కొంచెం కంపు కొట్టింది, ఎందుకంటే వెళ్ళిపోయిన వాయువులో కొంత భాగం చల్లబడ్డ నీటిలో మళ్ళీ కరిగింది. ఆ తరువాత పడిన నీటిలో వాసన లేదు. ఇక్కడ యంత్రంతో వచ్చిన కరపత్రం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. నీటిలోని మలినాలన్నీ గిన్నె అడుగునే ఉండిపోతాయని అందులో పెద్ద అక్షరాలతో రాశారు. ఉండిపోయేవి నీటికంటే గట్టిగా పట్టి ఉండే పదార్థాలు మాత్రమే. నీటికంటే తేలిగ్గా విడిపోయేవి ఆవిరి కంటే ముందే బయలుదేరతాయి. మొదట పడే 150 మిల్లీలీటర్లు పారబోయమని ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది, అది ఎక్కడా లేదు. అదృష్టవశాత్తు మూతలో ఆవిరి మార్గానికి ముందు సన్నని రంధ్రం పెట్టారు, తొలి వాయువుల్లో కొంత అక్కడినుంచి గదిలోకి పోతుంది. అది పొరపాటున మిగిలిపోయిన రంధ్రమనుకుని ఎం-సీల్‌తో పూడ్చినట్టు ఒక కొనుగోలుదారుడు గర్వంగా రాయగా చదివాను. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు.

బోరు నీటిలో కంపు ఉంటే తెలుస్తుంది, మునిసిపల్ కుళాయి నీటి సంగతి వేరు. క్లోరిన్ కలిపిన నీటిలో ఆకులు, మట్టి నుంచి వచ్చిన సేంద్రియ పదార్థాలు ఉంటే క్లోరోఫాం వంటివి స్వల్ప మోతాదుల్లో ఏర్పడతాయి. నెదర్లాండ్స్‌లో రూక్ అనే రసాయనశాస్త్రవేత్త 1974లో ఈ సంగతి బయటపెట్టాడు. క్లోరోఫాం అణుభారం 119 దాకా ఉన్నా 61 డిగ్రీలకే మరుగుతుంది. నీటి కంటే ఆరున్నర రెట్లు బరువైన అణువు నీటి కంటే ముందే ఆవిరి కావడం వింతగా కనిపించవచ్చు, కానీ దానికి పరస్పరం హైడ్రోజన్ బంధాలు కుదరవు. ధ్రువణత (అణువులో ఒక వైపు కొద్దిగా ధనావేశం, మరో వైపు కొద్దిగా రుణావేశం ఉండటం) కొంత, ఎలక్ట్రాన్ మేఘాల కదలిక వల్ల క్షణక్షణం పుట్టి మాయమయ్యే ఆకర్షణ కొంత, వాటితోనే ఆ ద్రవం నిలిచి ఉంటుంది. ఈ క్షణికమైన ఆకర్షణ బలాలను భౌతికశాస్త్రవేత్త ఫ్రిట్జ్ లండన్ 1930లో వివరించాడు కాబట్టి వాటిని లండన్ బలాలంటాం. అణువుల మధ్య ఆకర్షణ ఉంటుందని అంతకు ఎంతో ముందే లెక్కలోకి తీసుకున్న డచ్ భౌతికశాస్త్రవేత్త వాండర్ వాల్స్‌కు 1910లో నోబెల్ బహుమతి వచ్చింది. పైగా క్లోరోఫాంను నీటి అణువులు తమలో ఇముడ్చుకోవడానికి పెద్దగా ఇష్టపడవు, అందువల్ల నీటిలో కరిగిన కొద్దిపాటి క్లోరోఫాం దాని మరుగు స్థానం సూచించే దానికంటే ఇంకా తొందరగా బయటికి వస్తుంది.

ముక్కులోని బొగ్గు సంచీ ఇందుకోసమే. చాలామంది దాన్ని రుచి కోసం పెట్టిన అలంకారంగా భావించి తీసి పారేస్తున్నారు. నీటిని గిన్నెలో వదిలి ముందుగా పారిపోయే క్లోరోఫాంను పట్టుకునేవి, విచిత్రంగా, మళ్ళీ ఆ లండన్ బలాలే. బొగ్గు లోపలి సూక్ష్మ రంధ్రాల గోడలు అతి విశాలమైనవి, అణువు అక్కడ ఆనుకున్నప్పుడు చుట్టూ ఉన్న కార్బన్ పరమాణువులన్నీ తలా ఒక చేయి వేసి ఆపుతాయి. అయితే ఈ యంత్రంలో సంచీని పెట్టిన చోటు నాకు నచ్చలేదు. చుట్టగొట్టం నుంచి నీరు ఇంకా గోరువెచ్చగా ఉండగానే బొగ్గు మీద పడి క్షణంలో జారిపోతుంది. వేడి పెరిగేకొద్దీ అణువులు అంటుకుని ఉండే గుణం తగ్గుతుంది, ఆనుకునే సమయమూ చాలదు. జాడీ మూతలో, నీరు చల్లబడ్డాక, కాస్త లోతైన బొగ్గు పొర గుండా వెళ్ళేలా చేసి ఉండవలసింది. సంచీలు ఆరింటిని యంత్రంతో ఉచితంగా ఇస్తారు, నెలకొకటి మార్చమంటారు, ఆ తరువాత విడిగా కొనాలి.

గిన్నె అడుగున ఉండిపోయే వాటి విషయంలో యంత్రాన్ని నిండుగా మెచ్చుకోవచ్చు. ఉప్పు, కాల్షియం, మెగ్నీషియం లవణాలు, ఫ్లోరైడ్, ఇవన్నీ నీటిలో అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు. సోడియం క్లోరైడ్‌ను మరిగించాలంటే 1465 డిగ్రీలు, సోడియం ఫ్లోరైడ్‌కు 1700 డిగ్రీల దరిదాపు కావాలి. అక్కడ పని చేసేవి అణువుల మధ్య బలాలు కావు, పూర్తి ఆవేశాల మధ్య నేరుగా ఉండే ఆకర్షణ. నీటిలో కరిగినప్పుడు ప్రతి అయాన్ చుట్టూ నీటి అణువులు ముసురుకుని ఉంటాయి కనుక 100 డిగ్రీల ఆవిరికి వాటిని లేపే సత్తా ఏమాత్రం లేదు. 870 ఉన్న నా బోరు నీరు జాడీలోకి వచ్చేసరికి 2 నుంచి 4 మధ్య చూపిస్తోంది. నీటిలోని ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ బాధ 1937లోనే నమోదైన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలవారికి, నల్గొండ వారికి ఫ్లోరైడ్ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు అన్న మాట కొత్త కాదు. అక్కడి నీరు ఇలాంటి యంత్రంలో మరిగితే ఆ పరిమితికి ఎంతో దిగువనే వస్తుంది.

అయినా తాగునీటికి ఇది మార్గమని నేను అనను. నలుగురు ఉన్న ఇంటికి తాగడానికి, వంటకు రోజుకు పన్నెండు లీటర్లనుకుంటే మూడు దఫాలు, పదిన్నర యూనిట్లు, నెలకు 315 యూనిట్లు అవుతాయి. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా లీటరు ఆరు రూపాయలు పడుతుంది. ఆర్వో యంత్రం నీటిని ఆవిరి చేయదు, ద్రవంగానే పొర గుండా నెట్టుతుంది, హైడ్రోజన్ బంధాలన్నీ తెంచే పని దానికి లేదు కాబట్టే కరెంటు అంత తక్కువ తింటుంది. కొంత నీరు వృథా చేయడం దాని దోషం. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించి నల్గొండ పేరు పెట్టిన పద్ధతిలోనైతే పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చి దింపుతారు, అందులో వేడి ప్రసక్తే లేదు. మా పక్కింటాయన యంత్రాన్ని చూసి, "సార్, మాకూ ఒకటి చెప్పండి, ఆర్వో తీసేసి ఇదే పెట్టుకుంటాం" అన్నప్పుడు ఈ లెక్కే చెప్పి ఆపాను. ఖనిజాలేవీ లేని ఈ నీరు రుచికి చప్పగా ఉంటుందన్నది మా ఆవిడ చెప్పిన మాట. టీ పెట్టి చూసి, మళ్ళీ పాత నీటికే వెళ్ళిపోయింది.

మీటరు విషయంలో ఒక హెచ్చరిక అవసరం. అమ్మేవారి వీడియోలన్నిటిలోనూ టీడీఎస్ మీటర్ ముంచి, సున్నా చూపించి, ఇదే స్వచ్ఛత అంటారు. ఆ మీటరు కొలిచేది నీటి విద్యుద్వాహకత్వాన్ని మాత్రమే, అంటే అయాన్లను. ఆవిరితో పాటు దాటి రాలేనివి అయాన్లే. దాటి రాగలిగిన క్లోరోఫాం వంటి అణువులకు ఆవేశం లేదు, మీటరుకు అవి కనబడవు. ఏ మలినాన్ని ఆపడం యంత్రానికి సులువో దాన్నే కొలిచి చూపిస్తున్నారన్న మాట.

దీనికి నాకు దొరికిన సాక్ష్యం నిమ్మగడ్డి. సుగంధ తైలాలు కూడా తీసుకోవచ్చని ప్రకటనలో ఉండటంతో పెరట్లో పెరిగిన నిమ్మగడ్డిని కోసి, ముక్కలు చేసి, రెండు లీటర్ల నీటిలో వేసి మరిగించాను. నిమ్మగడ్డి వాసనకు ముఖ్య కారణమైన సిట్రాల్ 229 డిగ్రీల దగ్గర మరుగుతుంది. దాని అణువులో హైడ్రోజన్ తగులుకున్న ఆక్సిజన్ లేదు కాబట్టి నీటిలాగా తనలో తాను హైడ్రోజన్ బంధాలు కట్టుకోలేదు. అయినా పది కార్బన్ల పొడవైన అణువు కావడంతో లండన్ బలాలు బాగా కూడుకుంటాయి. క్లోరిన్ మైనస్ 34 దగ్గర, బ్రోమిన్ 59 దగ్గర, అయోడిన్ 184 దగ్గర మరగడంలోనూ ఇదే కనిపిస్తుంది, ఎలక్ట్రాన్ మేఘం పెద్దదయ్యేకొద్దీ క్షణికమైన ఆకర్షణ కూడా బలపడుతుంది. 229 డిగ్రీల పదార్థం 100 డిగ్రీల యంత్రంలో ఎలా దాటింది అంటే, నీటితో కలవని ద్రవం కనుక అది తన ఆవిరి పీడనాన్ని, అంటే తన నుంచి లేచే ఆవిరి బయటికి నెట్టే ఒత్తిడిని, తాను విడిగా చూపిస్తుంది. నీటి పీడనానికి ఈ కొంచెం తోడై, రెండూ కలిసి బయటి గాలి పీడనాన్ని అందుకుంటే చాలు, మిశ్రమం నీటి మరుగు స్థానానికి కొంచెం ముందే తెర్లుతుంది. జాడీలో కాస్త మసకబారిన, ఘాటైన వాసన గల నీరు, దాని మీద కొన్ని చుక్కల పసుపు తైలం తేలాయి. వాసనకు నేను మురిసిపోయిన మాట నిజమే. కానీ రబ్బరు వాషరులో ఇంకిపోయిన ఆ వాసన తరువాతి నాలుగు దఫాల నీటిలోనూ వచ్చింది. ఆ నాలుగింటికీ మీటరు 3 అనే చూపించింది. తైలం సరదా ఉన్నవారు దానికి వేరే పాత్ర పెట్టుకోవాలి.

స్పిరిట్, సారా వంటి మండే ద్రవాలను ఇందులో పోయకూడదని కరపత్రంలో ఉన్న హెచ్చరిక మాత్రం అక్షరాలా పాటించవలసినది. ఇథనోల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. మూతకున్న రంధ్రం నుంచి వచ్చే ఆవిరికి పక్కనే ఫ్యాను మోటారు తిరుగుతూ ఉంటుంది.

ఆటోమేటిక్‌గా ఆగిపోయే ఏర్పాటు నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అందులో గడియారం లేదు, నీటి స్వభావం మీదే అది నడుస్తుంది. గిన్నెలో చుక్క నీరున్నంత వరకు హీటరు ఎంత వేడిచ్చినా ఉష్ణోగ్రత మరుగు స్థానం దాటదు. సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో గాలి పీడనం కొంచెం తక్కువ కనుక అది నా థర్మామీటరులో 98.2 డిగ్రీలుగా కనిపించింది. నీరు పూర్తిగా ఇగిరిపోయిన మరుక్షణం గిన్నె ఉష్ణోగ్రత ఎగబాకుతుంది, థర్మోస్టాట్ కరెంటు కట్టేస్తుంది. చిక్కేమిటంటే చివరి బొట్టు దాకా ఇగరనివ్వడం వల్ల లవణాలు అడుగున తెల్లటి పెచ్చుగా గట్టిపడతాయి. నేను మూడు గంటల యాభై నిమిషాల తరువాత, ఇంకా అర లీటరుకు పైగా మిగిలి ఉండగానే స్విచ్ ఆపేస్తున్నాను. అయిదారు దఫాలకొకసారి నిమ్మ ఉప్పు రెండు చెంచాలు వేసి వేడి నీటిలో నానబెడితే పెచ్చు వదులుతోంది. గుర్తు దాటి నీరు పోయకూడదు. ఒకసారి నిండా పోస్తే తెర్లిన తుంపరలు ఆవిరితో పాటు గొట్టంలోకి పోయి, జాడీ నీరు 40 చూపించింది.

గది వేడి గురించి పెట్టె మీద ఒక్క ముక్కా లేదు. ఆవిరి మళ్ళీ నీరయ్యేటప్పుడు అణువులు తిరిగి చేతులు కలుపుతాయి, విడదీయడానికి పెట్టిన వేడి అంతా అణా పైసలతో సహా వెనక్కి వస్తుంది. ఫ్యాను దాన్ని గదిలోకి ఊదుతుంది. నాలుగు గంటలు 750 వాట్ల హీటరు వంటగదిలో వెలుగుతున్నట్టే లెక్క, మే నెలలో అది భరించరానిది. నేను వెనక వరండాలోకి మార్చాను, జనవరిలో మాత్రం మళ్ళీ లోపలికి తెచ్చుకున్నాం. ఫ్యాను చప్పుడు పాత టేబుల్ ఫ్యాను స్థాయిలో ఉంటుంది, పడుకునే గది పక్కన వద్దు.

ధర పది వేల లోపు. ఇన్వర్టర్ బ్యాటరీ, ఇస్త్రీ పెట్టె, చిన్న ప్రయోగశాల, నిద్రలో శ్వాస కోసం వాడే యంత్రం తేమ డబ్బా, ఇలాంటి అవసరాలు వారానికి నాలుగైదు లీటర్లు ఉన్నవారు కొనవచ్చు. కొనేటప్పుడు జాడీ గాజుదా ప్లాస్టిక్‌దా అన్నది, మూత లోపలి గొట్టం స్టీలుదా అల్యూమినియందా అన్నది అడిగి తెలుసుకోవాలి. నాకు వచ్చిన వాషరు అయిదో నెలలో బిగుసుకుపోయి ఆవిరి పక్కల నుంచి కారడం మొదలైంది. విడి వాషరు కోసం అడిగితే అమ్మకందారు మూత మొత్తం కొనమన్నారు. చివరికి ప్రెషర్ కుక్కరు గ్యాస్కెట్లు అమ్మే దుకాణంలో సరిపడే సిలికాన్ వాషరు దొరికింది, నిమ్మగడ్డి వాసన కూడా దానితోనే పోయింది.